మూడో లెక్క

సంబంధిత అధికారులు ఎవరైతే వారి సముఖమునకు,

దిగువ సంతకం చేసిన నేను, ముప్పై ఏళ్ళుగా ఒకే రాక్ బృందంలో బేసు గిటారు వాయిస్తూ, ఇంతవరకు ఏ అధికారికీ ఏ విషయం మీదా ఫిర్యాదు చేసి ఎరగనివాడినై, విన్నవించుకొనునది ఏమనగా:

ఈ పుస్తకం ఎవరూ చదవడానికి కాదు. అయినా పైన చిరునామా లేకుండా కాగితం రాయడం నాకు చేతకాదు. మా రెండో రికార్డు ఎవరూ కొనకపోవడానికీ, మూడో రికార్డు ఎవరూ అడగకుండానే రావడానికీ మధ్య పదకొండేళ్ళు, నగర నీటి సరఫరా విభాగంలో లేఖలు తయారుచేసే ఉద్యోగం చేశాను. కుళాయిలో నీళ్ళు రానివాళ్ళకి అవి ఎందుకు రావో నేను వివరించిన తీరు చదివి కొందరు దాహం మరిచిపోయారని మా పై అధికారి అనేవాడు. ఆ అలవాటు చొప్పున ఈ డైరీని అధికారులకే రాస్తున్నాను. ఆ అధికారులు ఎవరన్నది అధికారులే తేల్చుకోవలెను.

రాయడానికి కారణం ఇది. తీగ మీటే నా కుడిచేతి చూపుడు వేలు రోజుకి ఎన్నిసార్లు పట్టేస్తున్నదో రాసుకోమని ఫిజియోథెరపీ చేసే ఆవిడ చెప్పింది. సదరు వేలు ముడిస్తే ముడుచుకొని ఉండిపోయి, కాసేపటికి టక్కున విడివడుతున్నది. చిన్న విషయం. చిన్న విషయం కాబట్టే బృందానికి తెలియజేయవలసిన అవసరం కనిపించలేదు. ఏప్రిల్ ఇరవైన మా బృందం ముప్పై ఏళ్ళ కచేరీ ఉన్నది. అందులో నేను వాయిస్తాను. ఈ వాక్యంలో సందేహానికి తావు లేదు గనుక దీని కింద గీత గీయలేదు.

మార్చి 2

వేలు: ఆరుసార్లు.

సాధన గది యథాప్రకారం సైకిళ్ళు బాగుచేసే షాపు పైన ఉన్నది. గోడలకి అంటించిన గుడ్ల అట్టలు ఇరవై రెండేళ్ళ నాటివి. మా చప్పుడు బయటికి పోకుండా చూడడం వాటి పని. ప్రస్తుతం కింద ట్యూబులకి గాలి కొట్టే చప్పుడు లోపలికి రాకుండా కూడా అవి ఆపడం లేదు.

హాజరైనవారు: మా బావమరిది, అనగా నా భార్య తమ్ముడు, పాడతాడు, బృందం వ్యవహారాలూ చూస్తాడు. డ్రమ్మరు, లెక్క తప్పడు కనుక గడియారం అంటాం. గిటారు వాయించేవాడు, అతన్ని మౌనం అంటాం. ముప్పై ఏళ్ళలో అతను పలికిన వాక్యాలు నా లెక్క ప్రకారం పద్నాలుగు. అందులో నాలుగు, తలుపు వేయమని. నాలుగోవాణ్ణి నేను. నన్ను తొందర అంటారు.

ఆ పేరుకి ఆధారం "గేటు తీసే ఉంది" అనే పాట. జనానికి మా పాటల్లో అదొక్కటే తెలుసు. చివరి చరణానికి ముందు వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. నాలుగు దాకా లెక్కపెట్టేంత నిశ్శబ్దం. నాలుగో లెక్క మీద అందరం కలిసి రావాలి. రికార్డులో మాత్రం మూడో లెక్క మీదే బేసు ఒంటరిగా ఒక్కసారి మోగుతుంది. తక్కినవాళ్ళు ఆ వెనక వస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా జనం డబ్బిచ్చి వస్తున్నది ఆ ఒక్క మోత కోసం. మూడో లెక్క మీద హాలు హాలంతా నాతోపాటు ఒక కాలు నేలకేసి కొడుతుంది. ఆ తర్వాత మేం వాయించేవన్నీ మర్యాద కోసం వింటారు.

ఈ రోజు ఆ పాట సాధన చేయలేదు. తెలిసిందే కదా అన్నాను.

మార్చి 6

నిన్న సాయంత్రం కాలేజీ ఆడిటోరియంలో ప్రోగ్రాం. జనం తొందరపడ్డారు. నిశ్శబ్దంలో ముందు వాళ్ళ కాళ్ళు పడ్డాయి, తర్వాత నా తీగ మోగింది. ఈ తరం వాళ్ళకి లెక్క మీద శ్రద్ధ తగ్గినట్టు గమనించడమైనది.

మార్చి 7

వేలు: నివేదించదగినది ఏమీ లేదు. తొమ్మిదిసార్లు.

మార్చి 10

నిన్న అద్దాల ఫ్యాక్టరీ వార్షికోత్సవం. జనం మళ్ళీ తొందరపడ్డారు. ఈసారి అందరూ నా వయసువాళ్ళే. కాబట్టి తరం గురించి మార్చి 6న చేసిన వ్యాఖ్యను ఉపసంహరించుకుంటున్నాను.

మా ప్రతి ప్రోగ్రాంకీ దళసరి అడుగుల బూట్లు వేసుకొని వచ్చి, ముందు వరుసలో నిలబడే ఒక ప్లంబరు ఉన్నాడు. ఆ బూట్లు పనికి వేసుకోడు, మాకోసమే దాచుకుంటాడు. నిన్న మూడో లెక్క మీద కాలు కొట్టాడు. ఏమీ మోగలేదు. అతను నా వంక చూడలేదు. తన బూటు వంక చూసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో మౌనం పదిహేనో వాక్యం పలికాడు.

"తొందరా, లేటు."

మా బావమరిది ఫోను చూసుకుంటున్నాడు, ఆ ఫోను తలకిందులుగా ఉన్నది.

ఇంటికొచ్చి ఆలోచించగా కారణం తేలింది. గడియారం నిశ్శబ్దంలో ముక్కు గోక్కుంటాడు. ఇది కొత్త సంగతి కాదు. ఎన్నో ఏళ్ళుగా రెండో లెక్కకీ మూడో లెక్కకీ మధ్య, ఎడమచేతిలోని కర్రతో సహా అతని చెయ్యి ముక్కు దగ్గరికి పోతుంది. వేదిక మీద నేను ఎప్పుడూ చూసేది అతని చేతులే కాబట్టి ఈ అపరిశుభ్రమైన అలవాటు నా దృష్టిని చెదరగొడుతున్నదనడంలో సందేహం లేదు.

డిమాండు సంఖ్య 1: డ్రమ్మరు ముక్కు గోక్కొనుట తక్షణం మానవలెను. దాఖలు చేయడమైనది. ప్రస్తుతానికి ఈ పుస్తకంలోనే.

మార్చి 11

"ఏమయ్యా, ఆ ముక్కు ఎవరికైనా చూపించుకోకూడదూ?" అన్నాను, మెట్లు దిగుతూ.

"నా ముక్కుకేమొచ్చింది?"

"పాట మధ్యలో గోక్కుంటావు."

గడియారం కర్రల సంచీ భుజం మార్చుకొని నా వంక చాలాసేపు చూశాడు. "దురద పుడుతుంది."

"సరిగ్గా ఆ టైముకే పుడుతుందా?"

"సరిగ్గా ఆ టైముకే. గడియారాన్ని కదా."

వేలు: పదకొండుసార్లు.

మార్చి 14

ముప్పై ఏళ్ళ సందర్భంగా రేడియో నుంచి ఒకమ్మాయి వచ్చి నా జీవితం అడిగింది. సంగ్రహంగా ఇచ్చాను.

ప్రభుత్వ పాలనా శాస్త్రంలో ఎమ్మే చదువుతుండగా హాస్టల్లో నా పక్క గది వాళ్ళకి బృందం కట్టాలన్న బుద్ధి పుట్టింది. గిటారుకి ఆరు తీగలు, బేసుకి నాలుగు. పరీక్షలు దగ్గర పడ్డాయి కాబట్టి నేను నాలుగు తీగలది తీసుకున్నాను. రెండేళ్ళకి మొదటి రికార్డు. ఇరవై రెండు రోజుల్లో పంతొమ్మిది ఊళ్ళు తిరిగిన వ్యాను. అందులో నా స్థానం స్పీకరు పెట్టెకీ వెనక తలుపుకీ మధ్య. నా నడుము నేటికీ ఆ ఆకారంలోనే ఉన్నది. ఏడాదిన్నరపాటు వీధిలో జనం గుర్తుపట్టారు; ముఖాన్ని కాదు, గిటారు పెట్టె ఉంటేనే. రెండో రికార్డు. నీటి సరఫరా. తర్వాత ఒక సిమెంటు ప్రకటనలో మా పాటలోని ఆ ఒక్క మోత వాడుకున్నారు, ఇటుక మీద ఇటుక పడే చోట. దాంతో పిల్లలు ఫోన్లలో కాలు కొట్టుకుంటూ వీడియోలు తీసుకున్నారు. మమ్మల్ని మళ్ళీ పిలవడం మొదలైంది.

"మూడో లెక్కకి రావడం పొరపాటున జరిగిందని కొందరంటారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

"అది పూర్తిగా ఆలోచించి తీసుకున్న కళాత్మక నిర్ణయం" అన్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే వాక్యం. ఒకసారి అందులో ఒక మాట మార్చి చూశాను. నిలబడలేదు.

మార్చి 17

నా భార్య అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఇతరుల తప్పులు చూసి చూసి, ఇంటికి వచ్చాక చూడకుండా ఉండలేదు.

"ఎడం చేత్తో టీ పోస్తున్నారేం?"

"మార్పు కోసం."

"ఇరవై ఆరేళ్ళుగా ఒకే రంగు చొక్కా కొనే మనిషికి మార్పా? చెయ్యి చూపించండి."

చూపించాను.

"ఇది కాదు, రెండోది."

ఆ సమయంలో వేలు ముడుచుకొని ఉన్నది. ఆవిడ దాన్ని తన రెండు వేళ్ళతో పట్టుకొని మెల్లగా తెరిచింది. టక్కుమన్నది. మళ్ళీ ముడిచి, మళ్ళీ తెరిచి చూసింది, అచ్చుతప్పు నిజంగా ఉన్నదో లేదో అని రెండోసారి చదివినట్టు.

"మా తమ్ముడికి తెలుసా?"

"తెలియజేయవలసిన అవసరం కనిపించలేదు."

"వాడికి కనిపించే ఉంటుంది లెండి."

మార్చి 20

కనిపించింది.

"బావా, ఒక్క మాట. తప్పుగా అనుకోవద్దు" అంటూ వచ్చాడు బావమరిది. తప్పుగా అనుకోవడానికి సిద్ధమయ్యాను.

"ఒకమ్మాయి ఉంది. సంగీతం స్కూల్లో టీచరు. బేసు బాగా వాయిస్తుంది. ఊరికే, పక్కన ఉంటుందని..."

"పక్కన అంటే?"

"పక్కన అంటే... స్టేజి పక్కన. అవసరమైతే."

"కారులో స్టెప్నీ టైరులాగా."

"అదీ! నువ్వే చెప్పావు చూడు."

"మరి పంక్చరు ఎవరు?"

"బావా!"

"ఒరేయ్, చెప్పదలుచుకున్నది చెప్పెయ్" అన్నది నా భార్య, వంటింట్లోంచి. "ఆయన్ని ప్రశ్నలు అడగనిచ్చావంటే ఇక్కడే ముసలాడివైపోతావు."

వాడు కుర్చీలో ముందుకి జరిగాడు. "బావా, ఇరవయ్యో తారీకు ఆరువేల మంది వస్తున్నారు. ఆరువేల కాళ్ళు. రెండుసార్లు చూశాను. మూడోసారి చూడలేను."

"ఆరువేల మందికి పన్నెండువేల కాళ్ళు" అని సరిచేశాను.

"కొట్టేది ఒక్కటే కదా" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. వాడికి పాటల్లో తప్ప కన్నీళ్ళు రావని నేను ఇంతవరకు నమ్మి ఉన్నాను.

డిమాండు సంఖ్య 2: ఏప్రిల్ ఇరవైన సదరు బేసును అన్యులెవరూ తాకరాదు.

మార్చి 21

డిమాండు సంఖ్య 2కి జవాబు రాలేదు. పంపలేదు.

మార్చి 25

టీచరమ్మ ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉంటాయి. చెప్పులు గుమ్మంలో సరిగ్గా పక్కపక్కన విడిచింది. నా పాటలన్నీ రికార్డులు విని నేర్చుకున్నాననీ, అయినా వేళ్ళు ఎక్కడ మార్చుకుంటానో నేను రాసిస్తే బాగుంటుందనీ అడిగింది. నా వాయింపు ఎవరూ ఎప్పుడూ రాయలేదు. నేనూ రాయలేదు. నీటి సరఫరా విభాగం అయ్యాక నన్ను ఎవరైనా ఏదైనా రాసిపెట్టమని అడగడం ఇదే మొదలు.

మూడు గంటలు కూర్చొని, పొడుగు కాగితాల మీద, అంచులు వదిలి, పన్నెండు పాటలు రాసిచ్చాను. "గేటు తీసే ఉంది" దగ్గర నిశ్శబ్దానికి ఎదురుగా ఇలా రాశాను: బేసు ప్రవేశం, నాలుగో లెక్క.

మార్చి 26

నాలుగో లెక్క అనే రాశాను. ఎందుకంటే సంగీత శాస్త్రం ప్రకారం అదే సరైనది. ఒక విద్యావంతురాలికి ఇచ్చే పత్రంలో సరైనదే ఉండాలి. ఇందులో వేరే ఉద్దేశం లేదు. వేరే ఉద్దేశం లేదు అని రెండుసార్లు రాయవలసిన అవసరం కూడా లేదు.

నా దగ్గర ఉంచుకున్న నకలు నా భార్య చూసింది.

"ఇక్కడ నాలుగని ఉంది."

"అదే సరైనది."

"మూలంలో మూడు కదా?"

"మూలంలో ఉన్నది..." అని ఆగాను.

"ఆఁ, మూలంలో ఉన్నదేమిటి? చెప్పండి."

టీ చల్లారిపోతోంది అని చెప్పాను.

ఆవిడ చేతిలోని ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. "నాకు నచ్చినా నచ్చకపోయినా మూలంతో పోల్చి చూడడమే నా ఉద్యోగం. దీన్ని రాసిందీ మీరే, దిద్దవలసిందీ మీరే. నాకెందుకు?"

మార్చి 29

డాక్టరు వేలికి సూది వేశాడు. ఆరు వారాలు ఆ వేలు తీగ మీద పెట్టవద్దన్నాడు. ఆరు వారాలు అనగా మే పది. ఏప్రిల్ ఇరవై అంతకంటే ముందు వస్తుంది. క్యాలెండరు రెండుసార్లు పరిశీలించడమైనది.

ఏప్రిల్ 2

సాధనకి సలహాదారు హోదాలో హాజరయ్యాను. స్పీకరు పక్కన నాకొక కుర్చీ వేశారు. ముప్పై ఏళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం ఇదే మొదటిసారి.

టీచరమ్మ వాయించింది. నా పాటలు నేను బయటినుంచి విన్నాను. బాగున్నాయి. ఇది నమోదు చేయడం ఇష్టం లేదు. నమోదు చేయడమైనది.

నిశ్శబ్దం వచ్చింది. ఒకటి, రెండు. గడియారం చెయ్యి ముక్కు దగ్గరికి పోయింది. మూడో లెక్క దగ్గర కింది షాపులో ఎవరో ట్యూబుకి గాలి కొట్టారు. నాలుగు. అందరూ వచ్చారు. బావమరిది చెయ్యెత్తి ఆపేశాడు.

"ఏమ్మా, మూడుకి రావాలి కదా?"

"కాగితంలో నాలుగని ఉంది సార్."

"రికార్డు విన్నావు కదా?"

"చిన్నప్పటి నుంచీ వింటున్నాను సార్. కానీ ఇది సార్ రాసిచ్చారు. సార్ మార్చమంటే మారుస్తాను."

నలుగురూ నా వంక చూశారు.

"శాస్త్రప్రకారం నాలుగే" అన్నాను.

"ముప్పై ఏళ్ళు లేని శాస్త్రం ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది బావా?"

"రికార్డులో ఉన్నది నా వ్యక్తిగత నిర్ణయం. దాన్ని ఇంకొకరు అనుకరించడం భావ్యం కాదు."

"అక్కడ ఆరువేల మంది కాలు కొడతారు. అడుగున ఏమీ ఉండదు. మెట్టు ఉందనుకొని చీకట్లో కాలేసినట్టు! అప్పుడేం చేద్దాం, నీ శాస్త్రం మైకులో చదివి వినిపిద్దామా?"

మౌనం తలుపు వేయమన్నాడు. తలుపు వేసే ఉన్నది.

ఏప్రిల్ 4

సైకిలు షాపు ముందు బల్ల మీద గడియారం కూర్చొని ఉన్నాడు. నాకోసమే. పక్కన చోటు తుడిచాడు.

"అమ్మాయి బాగా వాయిస్తుంది. కానీ చూడలేదు" అన్నాడు.

"ఏమిటి చూడలేదు?"

"నా ముక్కు."

నేను డిమాండు సంఖ్య 1 గురించి ప్రస్తావించబోయాను. అతను వినలేదు.

"ఆ రోజు స్టూడియోలో నాకు నిజంగానే ముక్కు దురద పుట్టింది. చెయ్యెత్తాను. నేను కొట్టబోతున్నానని నువ్వనుకున్నావు. వచ్చేశావు."

షాపువాడు చక్రం తిప్పుతున్నాడు. పుల్లలు లెక్కపెట్టడానికి వీల్లేనంత వేగంగా తిరుగుతున్నాయి.

"తర్వాత?"

"తర్వాత ఏముంది? రికార్డు ఆడింది. మొదటి షోలో నువ్వు గడగడా వణుకుతున్నావు, మళ్ళీ మూడుకి ఎలా రావాలో తెలియక. నీ ముఖం చూశాను. గోక్కున్నాను. నువ్వొచ్చావు. ఇంక అక్కణ్ణుంచి అంతే."

"ఇరవై ఎనిమిదేళ్ళా?"

"జలుబు చేసినప్పుడు కూడా."

"నాకొక్క మాట చెప్పవచ్చు కదయ్యా."

"నువ్వేమో కళాత్మక నిర్ణయమని ఊరంతా చెప్పుకుంటున్నావు. మధ్యలో నా ముక్కెందుకని ఊరుకున్నాను."

ఏప్రిల్ 5

వేలు: లెక్కపెట్టలేదు.

ఏప్రిల్ 7

అది పొరపాటు. నేనే చేశాను.

రికార్డు చేసిన ఆ రోజు పద్నాలుగోసారి వాయిస్తున్నాం. స్టూడియో యజమాని తాళాలు చేత్తో పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టేపు అంతటితో ఆఖరు. నేను మూడుకి వచ్చేశాను. పాట అయిపోయాక అప్పటికి పంతొమ్మిదేళ్ళ మా బావమరిది, ఇంకా బావమరిది కాలేదు, నన్ను నానా మాటలూ అన్నాడు. అందరికీ క్షమాపణ చెప్పుకున్నాను. టీ తెచ్చినవాడికి కూడా చెప్పాను. అతనికి విషయం తెలియదు. స్నానాల గదిలోకి పోయి ముఖం కడుక్కొని, బృందం మానేస్తున్నట్టు ఒక ఉత్తరం మనసులో తయారుచేసుకున్నాను. దానికి తేదీ కూడా వేశాను.

నెలన్నర తర్వాత బస్సు కోసం నిలబడి ఉండగా ఎదురు షాపు రేడియోలో ఆ పాట వచ్చింది. నిశ్శబ్దం వచ్చే సరికి నేను కళ్ళు మూసుకున్నాను. మూడో లెక్క మీద పక్కన ఎవరో నేలకేసి కాలు కొట్టారు. కళ్ళు తెరిచాను. సంచీ నిండా పైపులు పట్టుకున్న ఒక కుర్రాడు. నా వంక చూసి నవ్వాడు. అతనే ఇప్పుడు ముందు వరుస ప్లంబరు. కళాత్మక నిర్ణయం తీసుకున్నది ఆ బస్టాపులో.

మార్చి 25న నాలుగని ఎందుకు రాశానంటే, ఆరువేల కాళ్ళు ఖాళీ మీద పడాలని. పడ్డాక అందరూ నాకోసం వెతకాలని. దీనికి శాస్త్రంలో ఆధారం ఏమీ లేదు.

ఏప్రిల్ 9

నా భార్య పెన్నుల డబ్బాలోంచి నేను ఎర్ర పెన్ను తీసుకుంటుంటే, ఆవిడ చూడనట్టు పేపరు అడ్డం పెట్టుకున్నది. పేపరు తలకిందులుగా ఉన్నది. ఇది వాళ్ళింటి లక్షణం.

సంగీతం స్కూల్లో ఏదో గదిలో పిల్లలు స్వరాల వరుసలు, అనగా స్కేళ్ళు, వాయిస్తున్నారు. టీచరమ్మ క్లాసు అయ్యేదాకా వసారాలో నిలబడ్డాను. వచ్చాక కాగితం అడిగి తీసుకొని, నాలుగు కొట్టేసి, మూడు రాసి, పక్కన పొట్టి సంతకం చేసి, తేదీ వేశాను.

"తప్పు రాశాను" అన్నాను.

"తెలుసు సార్."

"తెలిసీ నాలుగుకే వాయించావా?"

"మీరే దిద్దుతారేమోనని చూశాను. దిద్దకపోతే పంతొమ్మిదో తారీకు నేనే దిద్దేసేదాన్ని." కాగితం మడిచింది. "కానీ సార్, ఇంట్లో మూడుకి ఎన్నిసార్లు వాయించినా నాకు కుదరడం లేదు. లెక్కపెట్టి వచ్చినట్టే ఉంటోంది. రికార్డులో ఎవరో తలుపు తోసుకొని వచ్చినట్టుంటుంది."

గడియారం ముక్కు చూడమని చెప్పాలి. చెబితే ఆ మోత ఆమెది అవుతుంది. చెప్పడానికి మనసు రాలేదు.

"ఇంతకీ ఏ తీగ సార్ అది? ఎడమ చేత్తో నొక్కి వాయిస్తారా, ఖాళీ తీగేనా?"

"అన్నిటికంటే లావు తీగ. ఖాళీదే. నొక్కక్కర్లేదు. కుడిచేతి బొటనవేలు తగిలించినా చాలు."

అన్నాక నా కుడిచేతి బొటనవేలి వంక చూసుకున్నాను. గదిలో పిల్లలు స్కేలు తప్పి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు.

"బొటనవేలితోనా సార్?" అన్నది మెల్లగా.

"మా రోజుల్లో బొటనవేలితో వాయించేవాణ్ణి మనిషిగా చూసేవాళ్ళం కాదు. నేర్చుకునేవాళ్ళు అలా వాయిస్తారు."

"మా దగ్గర మొదటి నెలంతా అదే సార్" అన్నది. "ఫీజు మాత్రం ముందే కట్టాలి."

ఏప్రిల్ 10

బొటనవేలు: ఒకసారి. సమయానికి.

చూపుడు వేలు ముడుచుకొనే ఉన్నది. దాన్ని ఎవరూ ఇబ్బంది పెట్టలేదు.

ఏప్రిల్ 12

నా భార్య పక్క గదిలో ప్రూఫులు దిద్దుతుండగా నలభైసార్లు వాయించాను. ఒక్కటే మోత. నలభై ఒకటోసారి వాయించబోతుండగా పక్క గదిలో కాలు చప్పుడైంది, నాకంటే ముందే.

"తొందరపడ్డావు" అన్నాను.

"మీరు లేటు" అన్నది.

ఏప్రిల్ 19

ఈ దిగువది ఐదు ప్రతులు తీసి, మూడు ప్రతులు బృంద సభ్యులకీ, ఒకటి టీచరమ్మకీ స్వయంగా అందజేసి, ఐదో ప్రతి సాధన గదిలో తలుపు పక్క గుడ్ల అట్టకి గుచ్చడమైనది. మౌనం అక్కడే నిలబడి మొత్తం చదివాడు. తలుపు తనే వేశాడు.

సంబంధిత అధికారులకు, అనగా గడియారానికి, మౌనానికి, మా బావమరిదికి, టీచరమ్మకు,

డిమాండు సంఖ్య 1, డిమాండు సంఖ్య 2 ఇందుమూలముగా ఉపసంహరించుకోవడమైనది.

డిమాండు సంఖ్య 3:

(అ) రేపటి కచేరీలో పన్నెండు పాటలూ టీచరమ్మ వాయించవలెను. దిగువ సంతకం చేసినవాడికి ఇందులో అభ్యంతరం లేదు. ఉన్నది, కానీ నమోదు చేయడం లేదు.

(ఆ) "గేటు తీసే ఉంది" నిశ్శబ్దంలో మూడో లెక్క మాత్రం దిగువ సంతకం చేసినవాడికి వదిలిపెట్టవలెను. ఇందుకుగాను అతను తన పాత బేసుతో డ్రమ్ములకి ఎడమపక్కన, గడియారం ముఖం కనిపించే చోట నిలబడును. ఒక్క తీగ, ఒక్క మోత, బొటనవేలితో. తక్కిన సమయంలో అతను ఏమీ ముట్టుకోడు.

(ఇ) గడియారం గారు యథాప్రకారం ముక్కు గోక్కోవలెను. టీచరమ్మ దానిని గమనించవలెను. ఏదో ఒక రోజు ఆమెకి పనికి వచ్చును.

(ఈ) ఈ డిమాండుకి జవాబు రేపు ఆ నిశ్శబ్దంలో రెండో లెక్క ముగిసేలోపు ఇవ్వవలెను. రాకపోయినా మూడో లెక్కకి నేను వచ్చేస్తాను.